తిరిగినంతనే ఎగురునా?

రథసప్తమినాడు అరసవల్లి చేరే భక్తజనంలో పిల్లలు ఎందరో ఉంటారు. సూర్యభగవానుని రథానికి గుర్రాలు ఏడనీ, చక్రం మాత్రం ఒక్కటేననీ పెద్దలు చెప్పగా వారు వింటారు. ఒంటి చక్రం మీద బండి ఎట్లా నిలుస్తుందని అడిగే పిల్లవాడు ప్రతి తరంలోనూ ఒకడు ఉండనే ఉంటాడు. సంవత్సరమే ఆ చక్రమనీ, ఆరు ఋతువులే దాని అంచు అనీ పౌరాణికుడు సమాధానం చెబుతాడు. పిల్లవాడు ఆ మాటతో తృప్తి పడవచ్చును, పడకపోవచ్చును. అది కవిత్వమన్న సంగతి మాత్రం అడిగినవానికీ తెలుసు, చెప్పినవానికీ తెలుసు.

చిక్కంతా ఆ ఎరుక పోయిననాడు వస్తుంది.

2019 జనవరి 4న జలంధరులో భారత వైజ్ఞానిక మహాసభ నూట ఆరవ సమావేశం జరుగుతున్నది. బాలల కొరకు ఏర్పరచిన సభలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఆనాటి ఉపకులపతి ప్రసంగించినారు. రావణునికి పుష్పకమొక్కటే కాదు, ఇరువది నాలుగు రకాల విమానాలుండేవనీ, లంకలో విమానాశ్రయాలుండేవనీ, విష్ణుచక్రం గురిని వెంటాడి కొట్టి మరల చేతికి వచ్చే క్షిపణి వంటిదనీ వారు సెలవిచ్చినారు. దేశంలోని శాస్త్రజ్ఞులు విస్తుపోయినారు. సభను నిర్వహించిన సంఘమే ఆ మాటలతో తనకు సంబంధం లేదని చెప్పుకొనవలసి వచ్చింది. శ్రీకాకుళ విజయనగర ప్రాంతాలలో చదువుకున్నవారికి ఈ ఉదంతం పరాయి ఊరి కబురు కాదు. ఇక్కడి కళాశాలల విద్యార్థులు దశాబ్దాలపాటు పట్టాలు పుచ్చుకొన్నది ఆ విశ్వవిద్యాలయం నుండియే. ఇక్కడి ఉపాధ్యాయులలో పెక్కుమంది దాని బిడ్డలే.

ఒక వ్యక్తిని తప్పుపట్టి ఊరుకుంటే ప్రయోజనం లేదు. అటువంటి మాట విన్న పిల్లవాడు మరునాడు బడికి వచ్చి, చక్రం తిరిగితే ఎగురుతుందా అని అడిగితే మాస్టారు ఏమి చెప్పవలెను? అన్నీ పుక్కిటి పురాణాలని కసరుట ఒక దారి. మనవారికి అన్నీ తెలుసునని మురిసిపోవుట మరొక దారి. రెండును ప్రశ్నను చంపే దారులే. నిజానికి ఆ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. తిరిగే చక్రంతో మనిషి ఎగురుతూనే ఉన్నాడు. ఏ చక్రం, ఎందువల్ల, ఎంతవరకు అన్నదే తేల్చుకోవలసిన విషయం.

ముందుగా తరగతి గదిలోని పంకానే చూడవచ్చును. నెత్తిమీద తిరిగే పంకా గాలిని క్రిందికి నెట్టుతున్నది. న్యూటను మూడవ నియమం ప్రకారం గాలి కూడా పంకాను పైకి నెట్టుతున్నది. అందుచేత పంకా తిరిగేటప్పుడు కొక్కెం మీద పడే బరువు, ఆగి ఉన్నప్పటి కంటె కొంచెం తక్కువ. ఈ సంగతి చెబితే పిల్లలు ఒక్కసారి తలలెత్తి చూస్తారు. అంతకాలమూ తమకు గాలి విసరుతున్నదనుకొన్న వస్తువు, ఎగరాలని కొంత ప్రయత్నం చేస్తున్నదన్నమాట! ఆ ప్రయత్నం చాలక వేలాడుతున్నది, అంతే.

ఇప్పుడు ఆ పంకాకు రెక్కలు తీసివేసి, వాటి స్థానంలో నున్నని గుండ్రని పళ్ళెమొకటి బిగించినారనుకొందాము. ఎంత వేగంగా త్రిప్పినా కొక్కెం మీద బరువు తగ్గదు. పళ్ళేన్ని అంటుకొన్న గాలి రాపిడి వల్ల దానితోపాటు తిరిగి, అంచుల వైపు విసరివేయబడుతుంది. ఆ ఖాళీని పూరించడానికి పైనుండి కొంత గాలి, క్రిందినుండి కొంత గాలి పళ్ళెం వైపు వస్తుంది. ఈ ప్రవాహాన్ని 1921లో కార్మాన్ అనే శాస్త్రజ్ఞుడు గణితంతో లెక్క కట్టి చూపినాడు. రెండు ముఖాల మీదా జరిగేది ఒకటే కనుక మొత్తం మీద పైకీ లేదు, క్రిందికీ లేదు. భ్రమణం ఉన్నది, వేగం ఉన్నది, విద్యుత్తు ఖర్చున్నది. లేవడం మాత్రం లేదు. కావలసింది తిరగడం కాదు, గాలిని ఒక దిక్కుకు నెట్టడం. రెక్క వాలుగా ఉంటేనే ఆ పని జరుగుతుంది.

విసరిన పళ్ళెం మాట వేరు. పిల్లలు ఆడుకొనే ప్లాస్టిక్కు బిళ్ళను తిప్పుతూ విసరితే దూరం పోతుంది. దానిని గాలిలో నిలిపేది భ్రమణమని చాలామంది భ్రమ. ముందుకు పోతున్నందువల్ల, పైభాగం ఉబ్బెత్తుగా ఉన్నందువల్ల, ముందంచు కొంచెం పైకెత్తి ఉన్నందువల్ల దానికి రెక్కకు వలెనే ఎత్తుబలం కలుగుతుంది. తిరగడం చేసే మేలు మరొకటి: అది బిళ్ళను పల్టీ కొట్టనీయదు. బొంగరం ముల్లు మీద ఎందుకు నిలుస్తుందో బిళ్ళ గాలిలో అందుకే ఒరగకుండా ఉంటుంది. నిలకడ భ్రమణానిది, మోత గమనానిది. పూర్వం యుద్ధాలలో విసరిన చక్రాయుధానికైనా ఇదే ధర్మం. విసరినవాని చేతికి అది తిరిగి రావడమన్నది మాత్రం కావ్యధర్మం.

ఇక అసలైన ఎగిరే చక్రం హెలికాప్టరుది. దాని రెక్కలు తిరిగే మేరను ఇంజనీర్లు కూడ పళ్ళెమనే వ్యవహరిస్తారు. మన నౌకాదళం చిరకాలం వాడిన చేతక్ హెలికాప్టరునే ఉదాహరణగా తీసుకొనవచ్చును. రోటరు వ్యాసం సుమారు 11 మీటర్లు. గరిష్ఠ భారం 2,200 కిలోలు. ఆ రెక్కలు ఊడ్చే వలయం వైశాల్యం సుమారు 95 చదరపు మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలని వేసుకొని లెక్క కట్టితే, నిండు భారంతో గాలిలో కదలక నిలిచేందుకు అది సెకనుకు సుమారు 1,110 కిలోల గాలిని పట్టుకొని, సెకనుకు 19.4 మీటర్ల వేగంతో క్రిందికి పంపవలసి ఉంటుంది. ఈ రెంటినీ గుణిస్తే సుమారు 21,500 న్యూటన్లు. అది ఆ యంత్రపు బరువుకు సరిపోయినది. అనగా తన బరువులో సగం గాలిని ప్రతి సెకనూ క్రిందికి దిమ్మరిస్తూ ఉంటే గాని అది ఉన్నచోట ఉండలేదు. పదవ తరగతి విద్యార్థి చేయగల గుణకారం ఇది. ద్రవ్యవేగమన్న మాటను పరీక్ష కోసం వల్లె వేసినవాడు, దాని వెనుక ఇంత గాలి ఉన్నదని ఎన్నడైనా ఊహించినాడా?

దానిలోనే మరొక రహస్యమున్నది. వలయం చిన్నదైనకొద్దీ గాలిని మరింత వేగంగా నెట్టవలెను. వ్యాసం సగమైతే వైశాల్యం నాల్గవ వంతు అవుతుంది. అప్పుడు అదే బరువును మోయడానికి గాలి వేగం రెట్టింపు కావలెను, శక్తి కూడ రెట్టింపు కావలెను. అందుకే హెలికాప్టరు రెక్కలు అంత పొడవు. చిన్న చక్రంతో పెద్ద బరువెత్తుతానన్న ప్రతి ఊహా ఈ లెక్క దగ్గర బోల్తా పడుతుంది.

పడినది కూడ. కెనడాలోని అవ్రో కంపెనీ, అమెరికా సైన్యం ధనసహాయంతో, అచ్చంగా పళ్ళెం ఆకారంలో ఒక విమానాన్ని నిర్మించింది. అవ్రోకార్ అని దాని పేరు. వ్యాసం 18 అడుగులు. నడుమ అయిదడుగుల పంకా. మూడు జెట్ ఇంజన్లు ఆ పంకాను త్రిప్పేవి. 1959 నవంబరులో అది నేలను విడిచి లేచింది. కాని మూడడుగుల ఎత్తు దాటగానే తూలిపోయేది. గంటకు 35 మైళ్ళకు మించి పోలేకపోయింది. 1961 ముగిసేసరికి ఆ ప్రయత్నాన్ని మానుకొన్నారు. ధనమూ ఇంజనీర్లూ కావలసినంత ఉన్న దేశాలు చేసిన పని ఇది. వారు పడినచోటు వ్రాసి పెట్టుకొన్నారు. ఎత్తెంత, వేగమెంత, తూలడం ఎప్పుడు మొదలయింది అన్నవన్నీ కాగితం మీద ఉన్నవి. ఓడిపోయిన యంత్రం నుండి కూడ నేర్చుకోవడానికి వీలు కలిగింది. ఎన్నడూ ఓడిపోని విమానాలు, ఎన్నడూ ఎగరని విమానాలే.

అట్టి విమానాల గ్రంథమొకటి మనకున్నది. వైమానిక శాస్త్రమని దాని పేరు. భరద్వాజ మహర్షి కృతమని ప్రచారం. నిజానికి సుబ్బరాయశాస్త్రి అనే పండితుడు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో చెప్పగా వ్రాసికొన్నది. బొమ్మలు బెంగుళూరు ఇంజనీరింగు కళాశాలకు చెందిన ఒక చిత్రకారుడు గీసినవి. 1974లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ముకుంద మొదలైన అయిదుగురు దానిని అక్షరాక్షరమూ పరిశీలించినారు. భాషను బట్టి అది 1904కు పూర్వపుది కాజాలదని నిర్ణయించినారు. శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానాలు నాల్గింటిలో ఒక్కటీ ఎగరజాలదని తేల్చినారు. ఇక్కడ చూడదగిన విశేషం వారి న్యాయబుద్ధి. నాల్గింటిలో రుక్మవిమానం ఒక్కదానిలో మాత్రం కొంత అర్థమున్నదని కూడ వారే వ్రాసినారు. పై నుండి గాలిని పీల్చి నిలువు గొట్టాల ద్వారా క్రిందికి పంపే పంకాల వర్ణన అందులో ఉన్నది కనుక. కొట్టివేయదలచిన గ్రంథంలో కూడ ఒప్పును ఒప్పని చెప్పిన ఆ పద్ధతిని పిల్లలకు పాఠంగా చెప్పవలెను. వైమానిక శాస్త్రం గొప్పదనో, బూటకమనో గొంతు చించుకొనే వారిలో దానిని విప్పి చూచిన వారెందరు?

తిరిగే చక్రం గురించి మరొక పిచ్చి ఉన్నది. దానికి ప్రాచ్య పాశ్చాత్య భేదం లేదు. చక్రానికి ఒక ప్రక్క బరువు కట్టి, ఆ బరువును తగు సమయంలో దగ్గరకూ దూరానికీ జరుపుతూ త్రిప్పితే అపకేంద్ర బలం ఒకే దిక్కుగా పనిచేసి యంత్రాన్ని పైకెత్తుతుందని, గాలితోనే పని లేదని కొందరి నమ్మకం. అమెరికాలో నార్మన్ డీన్ అనే ఆయన 1959లో ఇటువంటి దానికి పేటెంటు కూడ సంపాదించినాడు. పేటెంటు కాగితం ఎగిరింది గాని యంత్రం ఎగరలేదు. తాను కూర్చున్న గంపను తానే ఎత్తబోయినవాని కథ ఇది. లోపలి భాగాలు ఒకదానినొకటి ఎంత త్రోసుకొన్నా వెలుపలి దానిని దేనినీ త్రోయనిదే మొత్తం కదలదు. నేల మీద ఆ పెట్టె గెంతుతుంటే నేల రాపిడి వల్ల ముందుకు పోయినట్లు కనిపిస్తుంది. త్రాటికి వ్రేలాడదీస్తే గుట్టు బయటపడుతుంది. విజ్ఞాన ప్రదర్శనలలో ఇటువంటి నమూనా తెచ్చిన విద్యార్థిని న్యాయనిర్ణేతలు పరిహసించరాదు, పతకమూ ఈయరాదు. ఒక త్రాడు తెచ్చి అతని చేతికీయవలెను.

మన నేల మీద ఈ పాఠం చెప్పే చెట్టే ఒకటి ఉన్నది. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి చెట్టును ఎరుగనివారు ఉండవచ్చును గాని ఆ బొమ్మలను ఎరుగని తెలుగువారు లేరు. దాని కాయకు చెవుల వలె రెండు పొడవైన రెక్కలుంటవి. కొమ్మ నుండి ఊడిన కాయ గిరగిర తిరుగుతూ, తొందర లేకుండా, గాలివాటున దూరంగా పోయి దిగుతుంది. కోరమాండలు తీరపు మొక్కలను గూర్చి గ్రంథం వ్రాసిన రాక్స్‌బర్గ్ దొర సామర్లకోటలో ఉండి ఈ దేశపు వృక్షజాలాన్ని పరిశీలించినవాడు. ఈ చెట్టును వర్ణించినవారిలో ఒకడు. శాస్త్రంలో దాని గణనామం గైరోకార్పస్. గ్రీకు భాషలో గైరోస్ అనగా వలయం, కార్పోస్ అనగా ఫలం. తెలుగులో చక్రఫలమని అనుకోవచ్చును. సాలవృక్షపు కాయకు ఐదు రెక్కలు. అదీ తిరుగుతూనే దిగుతుంది.

ఈ కాయకు ఇంజను లేదు. క్రిందికి పడటమే దాని ఇంధనం. పడుతున్నప్పుడు ఎదురయ్యే గాలి రెక్కలను త్రిప్పుతుంది. తిరిగే రెక్కలు ఆ గాలిని అడ్డుకొని పతనాన్ని నెమ్మదింపజేస్తవి. మేపుల్ అనే చలిదేశపు చెట్టు గింజలు కూడ ఇట్లే తిరుగుతూ రాలుతవి. ఆ గింజ రెక్క ముందంచు వెంబడి చిన్న సుడి ఒకటి ఏర్పడి ఎత్తుబలాన్ని పెంచుతుందని 2009లో శాస్త్రజ్ఞులు కనిపెట్టినారు. స్పెయిన్ దేశస్థుడైన సియెర్వా చేసిన ఆటోజైరో యంత్రానికి కూడ ఇదే సూత్రం. ముందున్న పంకా దానిని లాగుతుంటే, నెత్తిమీది రోటరు గాలి తాకిడికి తనంతట తాను తిరిగేది. అతని మొదటి మూడు యంత్రాలు విఫలమైనవి. ముందుకు పోయే రెక్కకు గాలి ఎక్కువగా తగిలి ఆ ప్రక్క లేచేది; వెనుకకు వచ్చే రెక్కకు తక్కువగా తగిలి ఆ ప్రక్క క్రుంగేది. అప్పుడతడు రెక్క మొదట మడతబందు వంటిది అమర్చి, రెక్కను కొద్దిగా పైకీ క్రిందికీ ఊగనిచ్చినాడు. 1923 జనవరిలో అతని నాల్గవ యంత్రం ఎగిరింది. తలుపు బందు చేసినపాటి పని! నేటికీ గాలిలో ఇంజను ఆగిపోయిన హెలికాప్టరును చోదకుడు క్షేమంగా దించగలిగితే, పొణికి కాయ దిగిన పద్ధతినే దించుతున్నాడు.

ఈ చదువు ఇక్కడివారికి వట్టి వినోదం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణం మీద పడినప్పుడు అక్కడి విమానాశ్రయం పైకప్పే ఎగిరిపోయింది. కొన్నిరోజులు విమానాల రాకపోకలు నిలిచిపోయినవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల గాలి! ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకు ఒరిగినవి. వంశధార, నాగావళులు పొంగినప్పుడు ఊరికీ ఊరికీ నడుమ దారి తెగిపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేర విమానాశ్రయ నిర్మాణానికి 2023లో శంకుస్థాపన జరిగింది, సంతోషమే. కాని నీళ్ళు చుట్టుముట్టిన ఊరికి కావలసింది మైళ్ళ పొడవు రన్‌వే మీద దిగే విమానం కాదు, బడి ఆవరణలో దిగగల చక్రం. అది దిగేటప్పుడు రేకులు, గడ్డి, దుమ్ము లేస్తవి. ఎందుకంటే నిండు భారంతో ఉన్న చేతక్ క్రిందికి పంపే గాలి గంటకు 70 కిలోమీటర్లు, అనగా తిత్లీ గాలిలో దాదాపు సగం. ఆ సంగతి ముందే తెలిసిన ఉపాధ్యాయుడు పిల్లలను ఎంత దూరంలో నిలుపవలెనో కూడ తెలిసినవాడు. రావణుని విమానాల లెక్క ఆ క్షణంలో అక్కరకు రాదు.

మాటల విషయంలో కూడ ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. ఈ బలాన్ని మన పుస్తకాలలో ఉత్థాపన బలమని వ్రాస్తే, నీటిలో తేల్చేదానిని ఉత్ప్లవన బలమని వ్రాస్తారు. రెండు మాటల రూపం దాదాపు ఒక్కటే అయినందున పిల్లవాడు రెంటినీ కలిపి ఒకే ముద్దగా మింగుతాడు. గాలిబుడగ తేలడమూ, హెలికాప్టరు లేవడమూ ఒకే కారణం వల్లనని పరీక్షలో వ్రాస్తాడు. తప్పు పిల్లవానిది కాదు. ఒకదానిని తేలుబలమనీ, రెండవదానిని ఎత్తుబలమనీ అంటే శాస్త్రానికి వచ్చిన లోటేమిటి? శ్రీముఖలింగ ప్రాంతాన పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసం జీవితమంతా పోరాడినారు. ఆయన జిల్లాలోనే ఈ మాటలు నోరు తిరగక మూలుగుతున్నవి.

ప్రాచీన కావ్యాలను ఏమి చేయవలెనన్నది చివరికి మిగిలే ప్రశ్న. వాటిని యంత్రశాస్త్ర గ్రంథాలుగా చూపబోయేవారు వాటికి గౌరవం చేస్తున్నామనుకొంటారు. చేసేది అగౌరవం. రఘువంశం పదమూడవ సర్గలో రాముడు పుష్పకం మీద నుండి సీతకు సముద్రాన్ని, అరణ్యాలను, తాము విడిపోయిన తావులను చూపుతాడు. కాళిదాసు అక్కడ పుష్పకానికి ఇంధనమేమిటో చెప్పలేదు. ఎత్తు నుండి చూస్తే భూమి ఎట్లా ఉంటుందో చెప్పినాడు. ఎన్నడూ నేల విడువని మనిషి ఆ చూపు ఎట్లా సంపాదించినాడన్నది ఏ ఇంజను కంటెనూ ఆశ్చర్యకరం కాదా? పుష్పకానికి గేర్లూ గొట్టాలూ బిగించబోయేవాడు ఆ సర్గ చదవడం మరచిపోతున్నాడు.

శాకుంతలం ఏడవ అంకంలో ఇంకా చక్కని ఘట్టమున్నది. దుష్యంతుడు మాతలితో కలసి ఇంద్రరథం మీద స్వర్గం నుండి దిగుతున్నాడు. మేఘాల మార్గంలోకి వచ్చినామని రాజు అంటాడు. ఎట్లా తెలిసిందని సారథి అడుగుతాడు. చక్రాల అంచులు తుంపరలతో తడిసినవనీ, ఆకుల సందులగుండా చాతకపక్షులు ఎగిరిపోతున్నవనీ, గుర్రాల మీద మెరుపుల కాంతి పడుతున్నదనీ రాజు చూపుతాడు. ఆకాశంలో తిరిగే చక్రాన్ని గురించి మన సాహిత్యంలో ఉన్న రమ్యమైన వర్ణనలలో ఇదొకటి. అందులో ఉన్నది ప్రశ్న, ఆ పిమ్మట నిదర్శనం. రాజు చెప్పినాడు గదా అని సారథి తలయూపలేదు.

ఆ సారథి వలె అడిగే పిల్లవానికి బడిలో చోటుండవలెను. అందుకు ప్రయోగశాల కూడ అక్కరలేదు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వంటి సంబరాలలోనూ, పల్లె తీర్థాలలోనూ, పురిపెట్టిన కమ్మీ మీదుగా పైకి త్రోస్తే గిరగిర తిరుగుతూ లేచిపోయే రెక్క బొమ్మలు అమ్ముతారు. అటువంటిది ఒకటి తెచ్చి తరగతిలో ఎగురవేయవలెను. తరువాత రెక్కల వాలును వేడినీటిలో మెత్తబరచి, చదునుగా సరిచేసి, అదే వేగంతో మరల త్రోయవలెను. తరువాత వాలును ఎదురు దిక్కుకు మార్చి త్రోయవలెను. బొమ్మ అదే, చేయి అదే, తిరగడం అదే. మూడుసార్లూ ఏమి జరిగిందో నల్లబల్ల మీద పిల్లల చేతనే వ్రాయించి, మాస్టారు కాసేపు మాటాడకుండా కూర్చుంటే చాలును.